అంచున ఊదా గీత

"ఆ ఫొటోనే ఎందుకే? ఆధార్ కార్డుకి దిగింది ఉందిగా మీ నాన్నది," అంది రోశమ్మ, అన్నం క్యారేజీ బల్ల మీద పెడుతూ.

"అందులో నాన్న నవ్వడు కదమ్మా," అంది కీర్తి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

కీర్తి నరసరావుపేటలో ఓ ఫొటో స్టూడియోలో ఎడిటింగ్ చేస్తుంది. తండ్రి యల్లమంద క్వారీలో రాయి మీదపడి చనిపోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఆయన ఫొటో పెద్దది చేసి గోడకి పెట్టాలని ఆమె పట్టు. బీరువాలో దొరికిన పాత సీడీలోది ఈ ఫొటో. కోటప్పకొండ మీద, మండే ఆకాశం ముందు, దణ్ణం పెడుతూ నవ్వుతున్నాడు నాన్న. పక్కన, నెలల పిల్ల కీర్తిని భుజం దాకా ఎత్తి పట్టుకుని అమ్మ.

"ఏంది, అందరి చుట్టూ ఆ ఊదా గీత?"

"ఎండకి ఎదురుగా తీశారు కదా. చవక కెమెరాల్లో అంచులకి రంగు ఇట్టా చిమ్ముద్ది. తీసేస్తా."

నాన్న జుట్టు చుట్టూ ఉన్న గీతని తుడిచింది. పసిపిల్లగా తను పెట్టుకున్న టోపీ చుట్టూ ఉన్నదీ తుడిచింది. అమ్మ ముఖం దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. ఇంకా పెద్దది చేసి చూసింది. లేదు.

"అమ్మా, నీ ముఖం ఆ ఎండలో తీసింది కాదు. ఆ రోజు నువ్వు కొండకి పోలేదా?"

రోశమ్మ క్యారేజీ మూత విప్పి, మళ్లీ పెట్టేసింది.

"లేదు. చానా జ్వరం. తర్వాత మీ నాన్నే నన్ను ఫొటోలో కలిపించాడు."

కీర్తి మనసు కరిగింది. అమ్మ లేని ఫొటో నాన్నకి ఫొటోలా అనిపించలేదన్నమాట.

"ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే," అని నవ్వుతూ బొమ్మని పైకి జరిపింది.

ఆ నవ్వు సగంలోనే పోయింది. పిల్లని పట్టుకున్న వేళ్ల చుట్టూ, గాజుల చుట్టూ, మోచేతి కింద, అంతా ఊదా గీతే. మెడ దగ్గర మాత్రం కత్తిరించినట్టు తెగిపోయింది.

 

"ముఖం ఒక్కటే నీది," అంది మెల్లగా. "నాన్న రెండు చేతులూ జోడించి ఉన్నాడు. మరి నన్నెత్తుకుంది ఎవరు?"

రోశమ్మ కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది. వేలితో తెర మీది ఆ గాజుల్ని తాకింది.

"ఎవరమ్మా?"

"మీ అమ్మ."