డాలు మీద చెయ్యి

"కుడిచెయ్యి మొద్దు మీద పెట్టించు," అన్నాడు మా అన్న డాండ్, గొడ్డలి ఎత్తుతూ.

మా గొడ్లను తోలుకుపోతూ దొరికినవాడు ఎకీ, చెవియట్ కొండల అవతలి లోయవాడు. అన్న అప్పటికే వాడి పళ్ళు రాలగొట్టాడు. నేను వాడి జబ్బ మీద మోకాలేసి అదిమిపెట్టాను.

"పైకి చూడరా!" అన్నాడు అన్న. మా బురుజు గుమ్మం మీద మా వంశపు డాలు చెక్కి ఉంది. దాని నిండా మణికట్టు దగ్గర తెగిన ఎర్రటి చెయ్యి. "హాన్లిస్‌ల జోలికొస్తే ఏమవుద్దో రాతి మీదే చెక్కించాం. కళ్ళు పోయాయా?"

ఎకీ నెత్తురు ఉమ్మేశాడు. "పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే రాళ్ళు చదువుతూ కూర్చోమంటావా?"

నాయనమ్మ గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఆగరా డాండ్! ఆ చెయ్యి శత్రువుది కాదు, మీ ముత్తాతది. ఆవుని దొంగిలించాడని ఈ బురుజు దొరే నరికించాడు. ఊరంతా 'హ్యాండ్‌లెస్', చెయ్యి లేనోడు అని వెక్కిరించింది. అదే నోళ్ళలో నలిగి హాన్లిస్ అయింది. మన ఇంటిపేరు పుట్టింది అలాగరా!"

అన్న గొడ్డలి దించాడు. "తర్వాత?"

"తర్వాతేముంది? ఎడంచేత్తో కత్తి పట్టడం నేర్చాడు. ఏడాది తిరక్కుండా వచ్చి ఆ దొర వంశంలో ఒక్కణ్ణీ మిగల్చలేదు, ఈ బురుజూ లాక్కున్నాడు. అందుకే చెప్తున్నా, ఆ పాపం మనకొద్దు."

అన్న చాలాసేపు డాలు వైపే చూశాడు. నా మోకాలి కింద ఎకీ ఊపిరి పీల్చుకున్నాడు.

"నిజమే నాయనమ్మా, చెయ్యి నరకడం తప్పే," అని అన్న నావైపు తిరిగాడు.

"చెయ్యొదిలెయ్. మెడ పెట్టించు."