పానాల పండుం

"ఇయ్యాల పానా ముట్టను మేడం," అన్నాడు శ్రీరంగం.

పది నిమిషాల టీకి వెళ్లి వచ్చిన అపర్ణ ఉలిక్కిపడింది. గీదంలో అతని మెకానిక్ షెడ్డు ముందు ఆమె పాత ఫియట్ బానెట్ తెరుచుకుని ఉంది. కోయంబత్తూరు నుంచి తెప్పించిన ఎగ్జాస్ట్ హెడర్లు పెట్టెలోంచి తీసి గోనెపట్టా మీద పెట్టి ఉన్నాయి. నాలుగు గొట్టాలు మెలికలు తిరిగి చివర ఒకటైపోయాయి. పొగ తొందరగా బయటికి పోతే ఇంజనుకు బలం పెరుగుతుందట. రేపు పదింటికి జగదల్‌పూర్‌లో పాత కార్ల పోటీ.

"అదేంటండీ! ఫోన్లో సరేనన్నారుగా!"

"అన్న. ఇయ్యాల మా ఊరి ఇనుము పండుమని యాది మరిచిన. పనిముట్లకు సెలవు. ముట్టొద్దు."

బల్ల మీద పానాలు బుద్ధిగా వరసన పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, నెత్తిన నాలుగు బియ్యపు గింజలు. కుంకుమ ఇంకా తడారలేదు.

రోడ్డవతల షెడ్డులో వెల్డింగు మెరుపులు కనిపించాయి. "మరి అతను చేస్తున్నాడుగా?"

"హడ్మాది వేరే ఊరు. ఈడ ఊరికో తేదీ ఉంటది. క్యాలెండర్ల రాయరు."

అపర్ణ విశాఖ నుంచి దంతెవాడ బ్యాంకుకు వచ్చి నాలుగు నెలలైంది. పండుం అంటే ఇక్కడి పండగని, ఆ రోజు ఊరు ఊరంతా పని మానేస్తుందని మాత్రం ఆమెకు తెలుసు.

అసలు బాధ వేరే ఉంది. పోటీలో ఆమె చేరింది 'సొంత చేతులు' విభాగంలో. కారు యజమాని స్వయంగా బిగించిన భాగమేదో రాసి సంతకం చెయ్యాలి. ఫారంలో హెడర్లు అని ముందే రాసి సంతకం పెట్టేసింది. శ్రీరంగం చేత పని చేయించుకుని తనే చేశానంటే ఎవరు చూడొచ్చారు? ముప్పై ఒక్క కార్లలో ఆడపేరు ఆమెది ఒక్కటే. "సెల్ఫీ దిగి వచ్చేస్తారా మేడం?" అని బ్యాంకులో దేవేంద్ర నవ్విన రోజు నుంచి ఆ పోటీ కప్పు మీద ఆమెకు పీకల దాకా పంతం.

"ఇప్పుడెలాగండీ?"

శ్రీరంగం గడ్డం గోక్కున్నాడు. "నీ డిక్కీల పానాలున్నయి గద. వాటికి పూజ చెయ్యలే. వాటికి పండుం లేదు."

"పట్టుకునేదెవరు?"

"పండుం నాకు. నీకెందుకు ఉంటది?"

డిక్కీలోని పానాల సంచికి కంపెనీ వాళ్లు వేసిన రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు. దాన్ని ఇప్పుడు విప్పింది.

శ్రీరంగం స్టూలు మీద కూర్చున్నాడు. నోరు తప్ప ఏదీ కదల్చలేదు.

"నట్లు తుప్పు పట్టినయి. డీజిల్ పోసి నాననియ్. మొండిగ గుంజకు. కొంచెం విప్పు, కొంచెం బిగియ్యి, మళ్ల విప్పు. బతిమాలుకోవాలె."

రెండు నట్లు మాట విన్నాయి. మూడోది వినలేదు. పానా జారి అపర్ణ చెయ్యి ఇంజనుకు కొట్టుకుంది. వేళ్ల మీద తోలు లేచిపోయింది.

"అమ్మో! నా వల్ల కాదు బాబూ! మీరే రండి. మీ దేవుడికి నేను కొబ్బరికాయ కొట్టుకుంటాను!"

శ్రీరంగం సగం లేచాడు. చేతులు రెండూ ముందుకొచ్చాయి. అంతలోనే మళ్లీ కూర్చుని వాటిని చంకల్లో దాచుకున్నాడు.

"ముట్టొద్దంటే ముట్టొద్దు."

అపర్ణకు ఒళ్లు మండింది. ఆ మంటంతా మూడో నట్టు మీద చూపించింది. నట్టు కిర్రుమని తిరిగింది.

మధ్యాహ్నానికి పాత పొగగొట్టాల మానిఫోల్డు ఊడింది. కొత్త హెడరు లోపలికి దిగనంది. "ఇంజన్ను పట్టుకున్న మౌంటు వదులు చేసి, జాకీ పెట్టి వేలెడంత లేపు," అన్నాడు శ్రీరంగం. దిగింది. "అన్ని నట్లు చేత్తోటే పట్టియ్యి. తర్వాత నడుమ నుంచి అంచులకు బిగించుకుంటపో." బిగించింది.

తాళం తిప్పగానే ఫియట్ గర్జించింది. షెడ్డులో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. రోడ్డవతల హడ్మా ముఖానికున్న అద్దం ఎత్తి మరీ చూశాడు. ఒళ్లంతా మసితో అపర్ణ చిన్నపిల్లలా గెంతింది.

"అయిపోలే. చల్లారనియ్. ఇంకోపారి బిగియ్యి. వేడికి వదులైతయి."

మర్నాడు బాస్తానార్ ఘాట్‌ను ఫియట్ మూడో గేరులోనే ఎక్కేసింది. జగదల్‌పూర్‌లో పరీక్షకుడు బానెట్‌లోకి తల దూర్చి, "ఇంత ఇరుకులోకి ఇది ఎలా దిగింది?" అని హిందీలో గుచ్చి గుచ్చి అడిగాడు. అపర్ణ జాకీ సంగతి చెప్పింది. నట్ల వరస చెప్పింది. చల్లారాక రెండోసారి ఎందుకు బిగించాలో చెప్పింది. ఆయన ఆమె వేళ్ల మీది బ్యాండేజీలు చూసి ఇంకేమీ అడగలేదు. కప్పు ఆమె చేతికి వచ్చింది. చప్పట్లలో పోటీ చూడ్డానికి వచ్చిన దేవేంద్రవి కూడా ఉన్నాయి, కొట్టక తప్పలేదు మరి. ఆమెకు ఏనుగెక్కినంత సంబరం. చెప్పిన ప్రతి ముక్కా నిజమేనన్నది అంతకన్నా పెద్ద సంబరం.

సాయంత్రం తిన్నగా గీదం వచ్చి శ్రీరంగం చేతిలో కప్పు పెట్టింది. హడ్మా కూడా అక్కడికి వస్తే అతనికి మిఠాయి ఇచ్చి, "ఇనుము పండుం పుణ్యమే ఇదంతా!" అంది.

హడ్మా తెల్లబోయాడు. "ఇనుముకు పండుం ఏంది దీదీ? ఈడ ఏ ఊళ్లనూ లేదు. నిన్న మీరు టీకి పోంగనే కాకా ఉరికొచ్చి నా తాన కుంకుమ అడుక్కపోయిండు."

అపర్ణ గిర్రున తిరిగింది. శ్రీరంగం కప్పును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"హెడర్ల పెట్టె కోసం కారు తలుపు తీస్తే సీటు మీద నీ ఫారం కనపడ్డది బిడ్డా. నువ్వే బిగించినవని సంతకం పెట్టినంక, నేనెట్ల ముట్టుకుంట?"