చక్రాలు సోమవారం వస్తాయి

“ఫికర్ జెయ్యకు అన్నా, రేపు పొద్దుగూకేవరకు నీ చక్రాలు నీ చేతుల వెడ్త!”

వివేక్ చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు. “అంత తొందరేం వద్దు భాయ్. సోమవారం దాకా ఇవ్వకు.”

పంజగుట్ట సందులో కారు చక్రాలకు పౌడర్ కోటింగ్ చేసే దుర్గేష్ నోరు తెరిచాడు. త్వరగా ఇమ్మని నెత్తినెక్కి కూర్చునే గిరాకీలను చూశాడు గానీ, ఆలస్యం చెయ్యమని బతిమాలేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

“పాత రంగు తీసి, పౌడర్ కొట్టి, ఓవెన్ల వెట్టి కాలిస్తే అయిపాయె. సోమవారం దాకా ఏం జెయ్యాలె నేను?”

“ఓవెన్ చెడిందని చెప్పు. మా ఆవిడ ఫోన్ చేసినా అదే మాట.”

సంగతేమిటంటే, పిల్లల సెలవులు కదా అని శుక్రవారం బయల్దేరి, ఆదివారం దాకా ఉండేట్టు విజయవాడలో భార్య రాగసుధ మేనమామ చలపతిరావు ఇంటికి వెళ్లాలి. ఆ మహానుభావుడు చుట్టాలను కోడికంటే ముందే లేపి, కాకరకాయ రసం తాగించి, కృష్ణ ఒడ్డున పరుగులు పెట్టిస్తాడు. పోయినసారి దెబ్బకు వివేక్ వారం రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. అలాగని రానని పెళ్లాంతో అనగలడా? పులి నోట్లో తలపెట్టడమే! అందుకే రంగు పెచ్చులూడుతోందని వంక పెట్టి నాలుగు చక్రాలూ ఊడదీయించాడు. అమీర్‌పేటలో అపార్ట్‌మెంట్ కింద కారు ఇటుకల మీద బుద్ధిగా కూర్చుంది.

గురువారం సాయంత్రం రాగసుధ స్పీకర్ పెట్టి దుర్గేష్‌కు ఫోన్ చేసింది.

“ఓవెన్ ఖరాబైంది మేడం. సోమవారం దాకా ఏం జేసేటట్టు లేదు.”

ఆ గొంతులో ఎంత దుఃఖమో! వివేక్ లోలోపలే శెభాష్ అనుకున్నాడు.

“పోనీ, బస్సులో వెళ్దామా అండీ?”

“ఇద్దరు పిల్లలు, అంత సామాను! నువ్వు పడలేవు సుధా.” అబ్బో, ఏం ప్రేమ!

రాగసుధ ముక్కు చీదుకుంటూ మేనమామకు ఫోన్ కలిపింది.

“అయ్యో, ఎంత పనైందే తల్లీ! మీకోసం కాకరకాయలు కూడా తెప్పించాను. వాడి నెంబరివ్వు. చక్రాలు ఎందుకు రావో నేను తేలుస్తాను!”

ఆయన గదమాయింపుకు జడిసి దుర్గేష్ నిజం కక్కితే ఇంట్లో కురుక్షేత్రమే. వివేక్ బాల్కనీలోకి పరుగెత్తి ఫోన్ కొట్టాడు. ఎంగేజ్. మళ్లీ కొట్టాడు. ఎంగేజ్. చివరికి ఎలాగో దొరికాడు.

“భాయ్, మా ఆవిడ మేనమామ ఫోన్ చేశారా?”

“గిప్పుడే పెట్టేసిండన్నా.”

“బాగా తిట్టారా? నా పేరు చెప్పేశావా ఏంటి?”

“తిట్టుడా? పాపం, మస్తు బతిమాలిండన్నా. సోమవారానికి ఓవెన్ బాగైతది సార్ అంటే, ‘వద్దు నాయనా, పిల్లల సెలవులు అయిపోయేదాకా బాగుచెయ్యకు’ అన్నడు!”