గీతకు వేలెడు కింద

"మడమలు దించమ్మా, గడుగ్గాయీ!" అని నవ్వాడు రోలర్ కోస్టర్ గేటు దగ్గర ఎత్తు కొలిచే అతను.

నా మనవరాలు మడమలు దించింది. అయినా తల గీతను దాటింది. ఏడాదిగా మారాం చెయ్యకుండా పాలు తాగింది ఇందుకే.

"సరిపోయింది. పక్కన పెద్దవాళ్ళుండాలి. మీరేనా తాతగారూ?"

పైన తలకిందులవుతున్న బండిని చూశాను. చేతిలో టికెట్లు వణికాయి.

"భయమా తాతయ్యా?" అంది మనవరాలు.

"నాకా? నీ మొహం!"

అది నా చేతుల వంక చూసింది. "అంకుల్, మళ్ళీ కొలవండి," అంది.

ఈసారి తల గీతకు వేలెడు కిందే ఆగింది.

"అయ్యో! వచ్చే ఏడు ఎక్కుదాంలే తాతయ్యా."

కొలిచే అతను నవ్వాపుకుంటూ దాని కాళ్ళకేసి చూపించాడు. గౌను కింద మోకాళ్ళు వంచి నిలబడింది.

"నిటారుగా నిలబడవే దొంగపిల్లా," అన్నాను. "ఎక్కుదాం. నేను అరిస్తే మాత్రం ఇంట్లో చెప్పకు."