పున్నమి సెలవు

“లిఫ్టు ఆగిందే గానీ కింద పడదమ్మా. తాళ్లు గట్టివి. మీరు కాస్త స్థిమితంగా కూర్చోండి,” అన్నాడతను ఫోనులో.

లిఫ్టులో ఇరుక్కున్న పెద్దావిడ మొదట ఏడ్చింది. తర్వాత కంపెనీని తిట్టింది. ఆ తర్వాత కోడలి వంట గురించి మొదలుపెట్టింది. అతను తల ఓ పక్కకు వంచి అన్నీ విన్నాడు. మెకానిక్ వచ్చి తలుపు తెరిస్తే, కోడలి సంగతి ఇంకా పూర్తి కాలేదని ఆవిడ విసుక్కుంది.

లిఫ్టుల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో అతని అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ అతను ‘నిమ్మళం’. ఎంత మండిపడుతూ ఫోన్ చేసినవాళ్లయినా అతనితో మాట్లాడాక నిమ్మళించాల్సిందే.

ఆ విభాగానికి సూపర్‌వైజర్ ఒకామె. ఎవరు ఏ రోజు డ్యూటీకి రావాలో, ఎవరికి ఏ రోజు సెలవో చూసేది ఆమే. నిమ్మళం నోరు తెరిచి అడిగే సెలవు ఒక్కటే, పున్నమి రోజుది. ఇంటికెళ్లి అమ్మను చూడాలంటాడు. మిగతా రోజుల్లో జ్వరమొచ్చినా మానడు. మొదట్లో ఆమె ఇదేమీ పట్టించుకోలేదు. అతని మీద మనసుపడ్డాక మాత్రం ఆమెకు పట్టించుకోవడమే పనైపోయింది. మేనేజర్ కారుకు కూడా లేవని గేటు కుక్క నిమ్మళం వస్తుంటే లేచి నిలబడుతుంది. తలుపు అవతల ఎవరున్నారో అది తెరవకముందే అతను చెప్పేస్తాడు. పున్నమి దగ్గరపడిందంటే పొద్దున గీసుకున్న గడ్డం మధ్యాహ్నానికల్లా మొలిచేస్తుంది. ఆమె ఇవన్నీ కలిపి చూసుకుని, సంగతి గ్రహించి ఊరుకుంది.

అంతలో ఆమెకు ప్రమోషన్ వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో కొత్త ఆఫీసు. కొత్తవాళ్లకు పని నేర్పడానికి ఒకరిని వెంట తీసుకెళ్లమన్నారు. ఆమె ఇంకో ఆలోచన లేకుండా అతని పేరు చెప్పింది. మేనేజర్ అతన్ని పిలిచి, జీతం పెరుగుతుందనీ, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారనీ ఊరించాడు. అతను వెళ్లనన్నాడు. అక్కడి నుంచి నెలనెలా ఇంటికి వెళ్లి రావడం కుదరదన్నాడు. పెళ్లీ పెటాకులూ లేనివాడికి ఇంటి మీద ఇంత బెంగేమిటని మేనేజర్ చిరాకుపడ్డాడు.

ఈ మాట తెలిసి ఆమె ముఖం చిన్నబోయింది. అతను వద్దంటున్నది ఉద్యోగాన్ని కాదు, తననేననుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళ అతన్ని మేడ మీదికి పిలిచింది.

“నేనంటే ఇష్టం లేకపోతే ఆ ముక్కే చెప్పండి. మధ్యలో మీ అమ్మగారిని అడ్డం పెట్టుకోకండి.”

అతను వాటర్ ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఇష్టం లేక కాదనీ, ఇష్టం ఉండడమే అసలు చిక్కనీ అన్నాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా గబగబా చెప్పేశాడు.

“పున్నమి రోజు చంద్రుడు రాగానే నేను తోడేలునవుతానండి. తెల్లారేదాకా అంతే.”

చెప్పేసి, ఆమె ఎప్పుడు కెవ్వుమని మెట్ల వైపు పరిగెడుతుందా అని చూస్తున్నాడు. ఆమె తాపీగా భోజనం డబ్బాకు మూత పెట్టింది.

“అది నాకెప్పుడో తెలుసు. ఇంకెవరైనా ఉన్నారేమోనని హడలిచచ్చాను.”

అతను ట్యాంకు పక్కనే చతికిలబడ్డాడు. ఇక మాటలు ఆగలేదు. తన సంగతంతా చెప్పుకొచ్చాడు. ఇంట్లో ఈ జబ్బు తనకొక్కడికేనట. తనతోపాటు పుట్టినవాళ్లంతా శుభ్రంగా ఉన్నారట. ఏం పాపం చేశానని నా బిడ్డకే ఇలా అయిందని వాళ్లమ్మ ఇప్పటికీ కుమిలిపోతుందట. అడవి కాపలా ఉద్యోగి ఒకాయన చేరదీసి, తన ఇంట్లోనే ఉంచుకుని చదివించాడట. బడికి బయల్దేరిన రోజు అమ్మ చెట్ల చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయిందట. చదువులూ ఉద్యోగాలూ ఆవిడ బుర్రకెక్కవట. నెలకోసారైనా కొడుకు కొడుకులా కనబడితే అదే చాలట.

ఆమెకు కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, సూపర్‌వైజర్ గొంతుతో అడిగింది.

“సెలవులు వేసేది నేనే కదా. పున్నమికి ముందురోజూ మర్నాడూ కూడా మీకు సెలవే. రైల్లో వెళ్లి రైల్లో రండి. ఇంకా ఏమైనా అడ్డం ఉందా?”

“అమ్మ ఒప్పుకోవాలి.”

“అయితే నన్ను తీసుకెళ్లండి.”

మళ్లీ పున్నమికి ఇద్దరూ ఆమె కారులో బయల్దేరారు. కాబోయే అత్తగారి కోసం ఆమె మెత్తటి ఉన్ని శాలువా కొంది. అతను దాన్ని తడిమి చూసి, అమ్మకు చలి తెలియదే అని తల గోక్కున్నాడు. ఆమె ముఖం చూసి, పోనీ కింద పరుచుకుంటుందిలెండి అని సర్దిచెప్పాడు. అత్తయ్యగారి ముందు ఎలా ఉండాలి, ఏం మాట్లాడాలి అని దారంతా ఆమె అతన్ని పీక్కుతింది. మాటలేమీ అక్కర్లేదనీ, బెదరకుండా కూర్చుంటే చాలనీ, మంచి మనిషి ఎవరో అమ్మ ఇట్టే పసిగడుతుందనీ అతను ధైర్యం చెప్పాడు.

పొద్దు వాలుతుండగా తారు రోడ్డు అయిపోయింది. ఆమె చెట్ల మొదట్లో కారు ఆపింది. చంద్రుడు రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. అతను బూట్లు విప్పి, వాచీ తీసి ఆమె చేతికిచ్చాడు. చాలా రోజులకు ఇల్లు చేరినవాడి సంబరం అతని ముఖం నిండా ఉంది. ఇన్నాళ్లూ అడగలేక మింగేసిన మాట అప్పుడు ఆమె నోట బయటికి వచ్చింది.

“బాధనిపిస్తే చెప్పొద్దు. తోడేలు కరిస్తేనే మనిషి ఇలా మారతాడంటారు కదా, చిన్నప్పుడు మిమ్మల్ని అది ఎక్కడ కరిచింది?”

అతను తెల్లబోయి చూశాడు. ఇన్ని రోజులుగా ఆమె ఏమనుకుంటోందో అతనికి అప్పుడు గానీ అర్థం కాలేదు. మెల్లగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను కరిచింది మనిషండీ.”