డిస్క్ మొత్తం చెరిపేయాలా?

డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేసి లినక్స్ ఎక్కించమంటారా అని తెర అడిగేసరికి, లెక్కల మాస్టారి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఆయన వెంటనే బావమరిదికి ఫోన్ చేశారు. బావమరిది కంప్యూటర్లు బాగుచేస్తాడు. విండోస్ మానేసి లినక్స్‌కి మారమని ఆయన్ని ఈ దారి పట్టించింది అతనే.

"అంతా చెరిపేస్తానంటోంది. ఏం చెయ్యను?"

"చెరిపెయ్యనివ్వండి బావా. విండోస్ కూడా ఉంచితే ఆ ముసలి ల్యాప్‌టాప్ రెండు కాపురాలు మొయ్యలేదు. చిట్టి వీడియోలు కాపీ తీశారుగా?"

"తీశాను. వేరే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి."

"ఇంకేం మరి, నొక్కేయండి."

మాస్టారు నొక్కేశారు.

ఈ తంటా అంతా ఆ వీడియోల కోసమే. పాత కెమెరాతో తీసినవి, ఇంకెక్కడా లేవు. కూతురు చిట్టి జ్వరంతో పోయిన దగ్గర్నుంచి వాళ్లమ్మ పొద్దున లేస్తూనే ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. చిట్టి ఉయ్యాల ఊగడం, పద్యం సగంలో మర్చిపోయి నాలిక కరుచుకోవడం, నాన్న చెప్పులేసుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరగడం, ఇవే మళ్లీ మళ్లీ చూసేది. ఎవరైనా పిలిచి పెడితే తినేది, లేకపోతే లేదు. పక్కింటి వాళ్లతో మాట కూడా మానేసింది.

ఈ మధ్య విండోస్‌కి ఓపిక నశించింది. కొత్త విండోస్ వేద్దామంటే ఆ పాత మిషన్ ఒప్పుకోదు, లినక్స్ అయితే దాని మీద తేలిగ్గా నడుస్తుందట. నడుస్తున్న వీడియో మధ్యలో బిగుసుకుపోయి చిట్టి నోరు తెరిచి అలాగే ఉండిపోయేది. అది మళ్లీ కదిలేదాకా భార్య కూడా కదిలేది కాదు. మాస్టారు అది చూడలేకపోయేవారు. కూతుర్ని ఎలాగూ నిలబెట్టుకోలేకపోయాను, ఆ బొమ్మనైనా సరిగ్గా నడిపించి ఈవిడకి ఇవ్వాలి అనుకున్నారు.

లినక్స్‌లో ఆయన ఓనమాలు కూడా రాని మనిషి. అయినా మందమతి పిల్లాడికి భాగహారం చెప్పినంత ఓపికగా తనకు తానే పాఠం చెప్పుకున్నారు. ఒకేలాంటి పెన్‌డ్రైవ్‌లు రెండు కొన్నారు. ఒకదాంట్లోకి వీడియోలన్నీ ఎక్కించి, తెరిచి చూసుకుని, కవర్లో పెట్టి బీరువాలో దాచారు. రెండోది లినక్స్ కోసం, అంటే ముందు దాంట్లోకి ఎక్కించి తర్వాత ల్యాప్‌టాప్‌లో పెట్టడానికి, బల్ల మీద ఉంచారు. దాంట్లో ఏమున్నా తుడిచిపెట్టుకుపోతుందని భార్యకి కూడా చెప్పి, బీరువాలోది మాత్రం జాగ్రత్త అన్నారు. ఆ మర్నాడు బల్ల మీదదాంట్లోకి లినక్స్ ఎక్కించారు. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అప్పుడూ ఒక ప్రశ్న వచ్చింది. ఖాళీదానికి భయమెందుకని చదవకుండానే సరే అనేశారు.

లినక్స్ ఎక్కడం పూర్తయింది. ల్యాప్‌టాప్ పడుచుదనం వచ్చినట్టు చకచకా లేచింది. కొత్త ఇంట్లో స్విచ్ కోసం గోడ తడుముకునే వాడిలా, ఏది ఎక్కడుందో తెలియక మాస్టారు కాసేపు తికమకపడ్డారు. తర్వాత భార్యని పిలిచారు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఆయన కవర్లోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టారు.

అందులో ఏమీ లేదు.

లినక్స్‌కి చదవడం రాలేదేమోనని బావమరిదికి ఫోన్ చేశారు. అతను చెప్పిన చోటల్లా వెతికారు, తీసి మళ్లీ పెట్టారు. చివరికి అతను, పెన్‌డ్రైవ్‌లు రెండూ తారుమారయ్యాయి బావా అన్నాడు. అంటే చిట్టి ఉన్నదాని మీదే లినక్స్ ఎక్కించారు. ల్యాప్‌టాప్ డిస్క్‌ని ఇప్పుడు తుడిచేశారు. దాచేముందు రెండూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి, అక్కడే పొరబడి ఉంటానని మాస్టారికి తోచింది.

భార్యకి చెప్పబోయారు. ఆమే అందుకుని, "పోనీలెండి" అంది. తిట్టినా, ఏడ్చినా బాగుండేది. ఆ ఒక్క మాటకి ఆయన మరీ కుంగిపోయారు.

ఆ తర్వాత ఆమె వేళకి తినడం మొదలుపెట్టింది. కూర తరుగుతూ తరుగుతూ, చిట్టి బలపాలు కొరికేది గుర్తుందా అని అడిగేది. పక్కింటావిడతో నవ్వింది కూడా. ఇదంతా తన కోసం కడుపులో దుఃఖం దాచుకుని చేస్తోందని మాస్టారికి అనిపించేది. ఆమె నవ్వినప్పుడల్లా ఆయనకి ముద్ద దిగేది కాదు. బడిలో పిల్లల లెక్కలకి తప్పు పెట్టడానికి కూడా చెయ్యి ఆడేది కాదు.

చెరిగిపోయినవి తిరిగి రాబట్టేవాళ్లున్నారని, కొన్నయినా దొరకవచ్చని బావమరిది కబురు చేశాడు. ఆ సాయంత్రమే మాస్టారు ల్యాప్‌టాప్‌నీ, రెండు పెన్‌డ్రైవ్‌లనీ సంచిలో పెట్టుకుని బయల్దేరారు. గుమ్మం దగ్గర ఆమె సంచి పట్టుకుంది.

"వద్దండీ."

"కొన్నయినా వస్తాయట. నన్ను వెళ్లనీ."

"వస్తే మళ్లీ అవే చూస్తాను. ఆ వీడియోల్లో ఉన్న చిట్టి తప్ప వేరే చిట్టి నాకు గుర్తు రావడం మానేసిందండీ. పక్కలో పడుకుంటే ఎలా ఉండేదో, నా మీద అలిగితే ఏమనేదో, ఏదీ లేదు. భయమేసింది. ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటీ తిరిగొస్తోంది."

"నా మీద జాలితో అంటున్నావు. నా చేత్తో నేనే దాన్ని రెండోసారి పోగొట్టాను. తారుమారు చేసిన పాపం నాది."

ఆమె సంచి లాక్కుని కింద పెట్టింది. చాలాకాలం తర్వాత ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మీరు సరిగ్గానే దాచారు," అంది. "మార్చి పెట్టింది నేను."