చప్పుడు లేని కెమెరా

"పిల్లలు కదలకుండా ఉండరన్నా. మీకు కావాల్సింది వేగం," అంటూ షాపాయన కొత్త కెమెరాని గాజుబల్ల మీద పెట్టాడు. "సెకనుకి ఇరవై ఫోటోలు. ఒక్క నవ్వు కూడా తప్పించుకోలేదు."

"వేగంతో పనిలేదు," అన్నాడు ఫోటోగ్రాఫరు. "చప్పుడు ఉండకూడదు. ఫ్లాష్ వెయ్యకుండా గది వెలుతురులోనే తియ్యాలి."

"నిద్రలో ఉండగా తీస్తారా?"

ఫోటోగ్రాఫరు తలూపాడు.

పెళ్ళిళ్ళ ఫోటోలు అతని బతుకుతెరువు. ప్రసూతి ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే మాత్రం చేతిలో ఏ పనున్నా తమ్ముడికి అప్పగించి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళుగా వాడుతున్నది ఒకే కంపెనీ కెమెరా. బటన్ నొక్కినప్పుడల్లా లోపల అద్దం లేచి పడుతూ 'ఠక్' మంటుంది.

"నేను వాడే కంపెనీలో చప్పుడు లేనిది రాలేదా?"

"వచ్చింది. కానీ చప్పుడు ఆపి తీస్తే ట్యూబ్‌లైటు వెలుతురులో ఫోటో మీద చారలు పడుతున్నాయి. ఈ కంపెనీదానికి ఆ గొడవ లేదు. చిక్కల్లా ఒక్కటే, మీ లెన్సులు దీనికి అతకవు." షాపాయన నవ్వాడు. "పందొమ్మిదేళ్ళ కాపురం. విడాకులంటే ఆలోచించుకోవాల్సిందే మరి."

ఫోటోగ్రాఫరు నవ్వలేదు. రెండు రోజుల్లో చెబుతానని వచ్చేశాడు.

ఇంట్లో భార్య ఉన్నిటోపీ అల్లుతోంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అతని సంచిలో అలాంటివి రెండు మూడు పెట్టడం ఆమె అలవాటు.

"ఇది మరీ చిన్నదైపోలేదూ?" అన్నాడు.

"ఇంకా చిన్నవి కావాలందిట నర్సు. మీరే చెప్పారు." ఆమె తల ఎత్తలేదు. "ఏమన్నాడు షాపతను?"

చెప్పాడు. ఐదు లెన్సులూ మంచం మీద పరిచి కూర్చున్నాడు. ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది కష్టం.

"నా చేతికి అలవాటైన కెమెరా ఇది. కళ్ళు మూసుకుని తియ్యగలను. ఆ కంపెనీదానికి లెన్సు కూడా ఎదురు దిక్కుకి తిప్పాలి."

"అలవాటు మీ చేతికి. చప్పుడు వినాల్సింది వాళ్ళు," అంది భార్య. "పోయిన నెల ఆవిడ సంగతి మర్చిపోయారా?"

మర్చిపోలేదు. 'ఠక్' మన్న ప్రతిసారీ ఆ తల్లి ఉలిక్కిపడి పాపని గుండెకి అదుముకుంది. నాలుగో ఫోటోకి, "చాలు, ఆపెయ్యండి," అంది. అతను ఆ నాలుగింటితోనే బయటికొచ్చాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"మన పెద్దదానికి ఒక్క ఫోటో అయినా లేదు," అంది భార్య మెల్లగా. "ఆవిడకి నాలుగున్నాయి. ఇంకెవరికీ నాలుగుతో ఆగిపోకూడదు."

మర్నాడు అతను లెన్సులన్నీ సంచిలో సర్దుకుని షాపుకి వెళ్ళాడు.

పిలుపు ఆ వారంలోనే వచ్చింది. మధ్యాహ్నం వేళ. వరండా చివరి గది ముందు నర్సు నిలబడి ఉంది.

"స్నానం చేయించి బట్టలు వేశాను సార్. అరగంటే టైముంది. ఆవిడ బాగా నీరసంగా ఉంది, గట్టిగా మాట్లాడకండి."

అతను సంచిలోంచి అన్నిటికన్నా చిన్న టోపీ తీసి ఇచ్చాడు. నర్సు దాన్ని పాప తలకి తొడిగి, తల్లి ఒడిలో సర్దింది. తండ్రి కిటికీ దగ్గర గోడకి ఆనుకుని ఉన్నాడు.

మొదట్లో చెయ్యి తడబడింది. లెన్సు పాత అలవాటుకొద్దీ అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పాడు. బటన్ నొక్కితే ఏమీ వినబడలేదు. పడిందో లేదోనని వెనకాల చూసుకున్నాడు. పడింది.

"ఎప్పుడు మొదలుపెడతారు?" అంది తల్లి కాసేపటికి.

"తీస్తూనే ఉన్నానమ్మా. పదకొండు అయ్యాయి."

ఆమె అతన్ని ఆశ్చర్యంగా చూసింది. బిగబట్టిన భుజాలు కిందికి దిగాయి.

"అయితే ఇంకా తియ్యండి. ముక్కు వాళ్ళ నాన్నది. అది బాగా పడాలి."

ఆ మాటకి తండ్రి కిటికీ వదిలి వచ్చాడు. మంచం అంచున కూర్చుని, తన వేలు పాప అరచేతిలో పెట్టాడు. "చెయ్యి కూడా సార్. గోళ్ళు చూడండి, అప్పుడే ఎంత పొడుగున్నాయో."

అతను మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి తీశాడు. పాదాలు తీశాడు. చెవి వెనక చిన్న మచ్చ ఉందని తల్లి చూపిస్తే అదీ తీశాడు. అరగంట దాటింది. నర్సు లోపలికి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

తల్లి పాప చెవిలో ఏదో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. ఎనభై మూడు ఫోటోలు అయ్యాక అతను కెమెరా దించి, వాళ్ళ ముగ్గురినీ అలాగే వదిలి వరండాలోకి వచ్చాడు.

ఆసుపత్రివాళ్ళు అతన్ని పిలిచేది ఊపిరి లేకుండా పుట్టిన పిల్లల కోసమే.